ఎడరవోన్ మొదలుపెట్టాక బరువు తగ్గుతుంటే నేరం మందుదేనా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. అమ్మగారికి ఏఎల్‌ఎస్ (కండల్ని కదిలించే నరాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు) అని తేలి ఏడాది కావస్తోంది. ఆ జబ్బుకే ఇచ్చే రిలుజోల్ మాత్రలు ముందునుంచీ వాడుతున్నారు. అదే జబ్బుకి ఇంకో మందైన ఎడరవోన్ సెలైన్ ద్వారా ఇప్పటికి నాలుగు సైకిళ్లు (విడతలు) అయ్యాయి. మొదలుపెట్టిన రోజు 56 కిలోలు, ఇప్పుడు 52.5. జబ్బు రాకముందు ఎప్పుడూ 58కి అటూఇటూగా ఉండేవారు. "ఫ్రీ రాడికల్స్‌ని తుడిచేసే మందు అన్నారు, ఒంట్లో కండ కూడా తుడిచేస్తోందా? బరువు గురించి పరిశోధనలు ఏమంటున్నాయి? ఆపేయమని అడగాలా?" అన్నది ప్రశ్న. చివర్లో మాటవరసకి అన్నట్టు ఇంకో సంగతి కూడా రాశారు. ఇన్‌ఫ్యూజన్ (సెలైన్ ఎక్కించే) రోజుల్లో ఆవిడని ఖాళీ కడుపుతో తీసుకెళ్తున్నారని, తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటుతోందని. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. దాని సంగతి కింద వివరంగా చెప్తాను.

ముందు నా గురించి ఒక మాట. నేను డాక్టర్‌ని కాను, డైటీషియన్‌ని. నరాల జబ్బుల క్లినిక్‌లో 16 ఏళ్లుగా పనిచేస్తున్నాను. అందులో ఆరేళ్లు మందుల ట్రయల్స్‌కి వచ్చే పేషెంట్లను తూచి రాసే పని కూడా నాదే. కాబట్టి మందు కొనసాగించాలా వద్దా అన్నది మీ న్యూరాలజిస్ట్‌తో తేల్చుకోండి. బరువు లెక్క వరకు నేను చెప్తాను.

ఎడరవోన్ కండ కరిగించదు. ట్రయల్స్‌లో ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) వాళ్లకంటే ఎడరవోన్ వాళ్లలో ఎక్కువగా కనబడిన ఇబ్బందుల్లో ముఖ్యమైనవి కమిలిన మచ్చలు, నడకలో తడబాటు, తలనొప్పి. బరువు తగ్గడం ఆ వరుసలో లేదు. ఏఎల్‌ఎస్‌లో బరువు తగ్గడానికి మందు అక్కర్లేదు, జబ్బే చాలు. నాలుగు నెలలు మందు ఎక్కించారు, ఆ నాలుగు నెలల్లోనే బరువు తగ్గింది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగాయి. అయితే ఆ మందు చుట్టూ మనం అల్లుకున్న దినచర్యే బరువుని తినేస్తూ ఉండొచ్చు. మీ ఇంట్లో జరుగుతున్నది అదేనని నా అనుమానం.

ఈ మందు కథ కొంచెం తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. దీని అణువు చాలా పాతది. 1880ల్లో లుడ్విగ్ నార్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త యాంటీపైరిన్ అనే జ్వరం మందు తయారుచేస్తూ మధ్య మెట్టులో పుట్టించిన పదార్థం ఇది. దాదాపు వందేళ్లు రసాయన ప్రయోగశాలల్లో పడి ఉన్న ఈ సీసాని తర్వాత జపాన్‌లో మెదడు జబ్బులకి మందుగా మలిచారు. 2001లో అక్కడ పక్షవాతానికి అనుమతి వచ్చింది. అదే దేశంలో 2015లో, అమెరికాలో 2017 మేలో ఏఎల్‌ఎస్‌కి అనుమతించారు. పని చేసే తీరు సూటిగానే ఉంటుంది. మన రక్తం ఉండే పీహెచ్ దగ్గర ఈ అణువుల్లో సగానికి పైగా ఎలక్ట్రాన్‌ని ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న రూపంలో ఉంటాయి. జతలేని ఎలక్ట్రాన్‌తో దొరికినదాన్నల్లా పీకుతూ తిరిగే ఫ్రీ రాడికల్‌కి ఇది ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి శాంతింపజేస్తుంది. నీటిలోనూ కొవ్వులోనూ పనిచేయగలదు కాబట్టి కణం పొరల్ని కూడా కాపాడుతుంది. 2006లో ప్రచురించిన ఒక చిన్న జపాన్ అధ్యయనంలో ఈ మందు తీసుకున్న ఏఎల్‌ఎస్ రోగుల వెన్నునీటిలో 3-నైట్రోటైరోసిన్ అనే గుర్తు బాగా తగ్గింది. ఆక్సిడేటివ్ దెబ్బ, అంటే ఫ్రీ రాడికల్స్ చేసే హాని, తగిలిందని చెప్పే గుర్తు అది. అంటే మందు వెళ్లాల్సిన చోటికే వెళ్తోంది. ఆ దెబ్బ తగ్గినంత మాత్రాన జబ్బు ఎంత నెమ్మదిస్తుంది అన్న దగ్గరే తగువంతా.

జపాన్‌లో జరిగిన మొదటి పెద్ద ట్రయల్‌లో 206 మంది ఉన్నారు. అందులో మందుకీ ప్లాసిబోకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎవరికి ఉపయోగపడేలా ఉందో ఆ డేటాలోనే వెతికి, ప్రవేశ నిబంధనలు బిగించి, 137 మందితో మరో ట్రయల్ చేశారు. 24 వారాల్లో మందు తీసుకున్నవాళ్లు పనితీరు స్కేలుపై (మాట, మింగడం, నడక, ఊపిరి లాంటివాటికి మార్కులేసే కొలత) 5.01 పాయింట్లు, ప్లాసిబో వాళ్లు 7.50 పాయింట్లు కోల్పోయారు. 48 పాయింట్ల స్కేలు మీద తేడా 2.49. 2017లో ప్రచురించిన ఈ ఫలితమే అనుమతులకి ఆధారం. ఆ తర్వాత జర్మనీలో 12 కేంద్రాల్లో మామూలు రోగుల మీద చూస్తే, మందు తీసుకున్నవాళ్లకీ తీసుకోనివాళ్లకీ జబ్బు వేగంలో తేడా కనబడలేదు. యూరప్‌లో అనుమతి దరఖాస్తుని కంపెనీయే 2019లో వెనక్కి తీసుకుంది. వేరే కంపెనీ నోటి ద్వారా ఇచ్చే రూపంతో చేసిన అడోర్ ట్రయల్ కూడా 2024 జనవరిలో నిరాశే మిగిల్చింది. నా అభిప్రాయం అడిగితే, తొలిదశలో ఉండి వేగంగా దిగజారుతున్న కొందరికి కాస్త మేలు చేస్తుందేమో, అంతకుమించి ఆశ పెట్టుకోకూడదు.

ఇక బరువు. ఆ 137 మంది ట్రయల్‌లో ప్రధాన కొలమానం పనితీరు స్కేలే. పైగా ఎవర్ని చేర్చుకున్నారో చూడండి. స్కేలులోని 12 అంశాల్లో ప్రతిదాంట్లోనూ కనీసం 2 మార్కులుండాలి, ఊపిరి సామర్థ్యం 80 శాతమో ఆపైనో ఉండాలి, జబ్బు వచ్చి రెండేళ్లు దాటకూడదు. మింగడం అనే అంశంలో 2 అంటే మెత్తగా, చిక్కగా చేసి పెడితే నోటితో తినగలిగే స్థితి. పొట్టలోకి తిండి పంపే ట్యూబు అవసరమైతే 1కి పడిపోతుంది. అంటే బరువు దారుణంగా పడిపోయే దశలో ఉన్నవాళ్లు మొదట్లో ఆ గుంపులో లేనేలేరు. అలాంటి గుంపులో వచ్చిన ఫలితాన్ని పట్టుకుని "ఎడరవోన్ బరువు నిలబెడుతుంది" అనో, "దించుతుంది" అనో ఎవరైనా చెప్తే నేను నమ్మను.

ఎలుకల్లో అయితే బరువు చాలా ముఖ్యమైన కొలత. ఏఎల్‌ఎస్ జన్యువు పెట్టిన ఎలుకలు పెరుగుతూ పెరుగుతూ ఒక రోజు గరిష్ఠ బరువుకి చేరతాయి, ఆ మర్నాటినుంచి పడిపోవడం మొదలవుతుంది. చాలా ప్రయోగశాలల్లో ఆ శిఖరం రోజునే జబ్బు మొదలైన రోజుగా రాసుకుంటారు. నడకలో తేడా కంటికి బాగా కనబడకముందే తూకం చెప్పేస్తుంది. 2004లో ఫ్రాన్స్ బృందం ఈ ఎలుకల్లో శక్తి ఖర్చు మామూలు కంటే ఎక్కువని చూపించి, కొవ్వు ఎక్కువున్న మేత పెడితే అవి ఎక్కువ కాలం బతికాయని కూడా చూపించింది. మనుషుల్లోనూ దాదాపు సగంమందికి ఇదే ఇబ్బంది. కదలకుండా పడుకున్నా ఒళ్లు ఖర్చుపెట్టే కేలరీలు లెక్క ప్రకారం ఉండాల్సినదానికంటే 10 శాతానికి పైగా ఎక్కువుంటాయి. కండ తగ్గితే ఖర్చు కూడా తగ్గాలి కదా అనిపిస్తుంది. ఈ జబ్బులో అలా జరగదు.

దీనికి మింగలేకపోవడం, చెంచా ఎత్తలేకపోవడం, తినేసరికి అలసిపోవడం, మలబద్ధకం, ఆకలి చావడం, దిగులు తోడవుతాయి. ఊపిరి తీసుకోవడమే ఒక వ్యాయామం అవుతుంది. రిలుజోల్ కొందరికి వికారం తెప్పిస్తుంది. ఇన్ని చిల్లులున్న కుండలో ఫ్రీ రాడికల్ మందు మీద అనుమానం చివరగా రావాలి.

బరువు తగ్గడం ఎందుకంత ముఖ్యమంటే, 2011లో ఫ్రాన్స్‌లో వచ్చిన అధ్యయనంలో, జబ్బు నిర్ధారణ నాటికి మామూలు బరువులో 5 శాతం తగ్గితే మరణ ముప్పు 30 శాతం పెరిగినట్టు తేలింది. అక్కడ "మామూలు బరువు" అన్న మాట గమనించండి. మీరు 56 నుంచి లెక్కపెట్టి 3.5 కిలోలు, 6 శాతం అంటున్నారు. నేనైతే 58 నుంచి లెక్కపెడతాను. 5.5 కిలోలు, అంటే 9.5 శాతం. 10 శాతం దాటితే ట్యూబు గురించి మాట్లాడాలన్నది మా దగ్గర మామూలు గీత. మీరు ఆ గీత పక్కనే ఉన్నారు.

ఇప్పుడు ఆ ఖాళీ కడుపు సంగతి. ఎడరవోన్ రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి మీరు వాడుతున్న సెలైన్ మందు. రోజుకి 60 మిల్లీగ్రాములు, గంటసేపు ఎక్కిస్తారు. మొదటి సైకిల్లో 14 రోజులు వరసగా ఇచ్చి 14 రోజులు ఆపుతారు. తర్వాతి సైకిళ్లలో 14 రోజుల్లో 10 రోజులు ఇచ్చి, మళ్లీ 14 రోజులు విరామం. రెండోది నోటితో తాగే మందు. దానికి అమెరికాలో 2022 మేలో అనుమతి వచ్చింది, మోతాదు 105 మిల్లీగ్రాములు. రాత్రంతా ఏమీ తినకుండా పొద్దున్నే తాగాలి, తాగాక గంటసేపు నీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు అన్న నియమం ఈ తాగే మందుది. కొవ్వు ఎక్కువున్న భోజనంతో కలిస్తే రక్తంలోకి చేరే మందు సగంకంటే తక్కువకి పడిపోతుంది, అందుకని ఆ నియమం. సెలైన్ మందు పేగు దాకా వెళ్లనే వెళ్లదు, నేరుగా నరంలోకి పోతుంది. దానికి ఉపవాసం అక్కర్లేదు. ఎవరో తాగే మందు కరపత్రం చదివి చెప్పిన మాట మీ ఇంట్లో సెలైన్‌కి అంటుకుంది. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు, నా దగ్గరికి వచ్చిన కుటుంబాల్లో ఇది నేను చూడటం మూడోసారి. ఆ రోజు రక్తపరీక్ష లాంటి వేరే కారణంతో తినొద్దన్నారేమో నర్స్‌ని ఒకసారి అడగండి. అదేమీ లేకపోతే తినిపించే తీసుకెళ్లండి.

ఇది ఎంత బరువు తింటుందో లెక్కేద్దాం. నాలుగు సైకిళ్లంటే 112 రోజులు. అందులో ఇన్‌ఫ్యూజన్ రోజులు 14, ఆపైన మూడు పదులు, మొత్తం 44. ఆ రోజుల్లో పొద్దున తినాల్సిన 400 కేలరీలు పోయాయనుకుందాం. ఈ జబ్బులో పోయిన పూట తిండిని మధ్యాహ్నం కలిపి తినడం కుదరదు, నాలుగు ముద్దలకే అలసిపోతారు. 44ని 400తో హెచ్చిస్తే 17,600. కిలో కొవ్వులో ఉన్నది సుమారు 7,700 కేలరీలు. అంటే రెండు కిలోలకు పైనే. మీరు చెప్పిన మూడున్నరలో సగం దాటింది. పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా, అందుకని ఇది కొలబద్ద పెట్టి కొలిచిన లెక్క కాదు. కానీ ఎక్కడ వెతకాలో చెప్పడానికి చాలు.

రిలుజోల్‌కి మాత్రం ఖాళీ కడుపు నియమం నిజంగానే ఉంది. తినడానికి గంట ముందో, తిన్నాక రెండు గంటలకో వేసుకోవాలి. లేవగానే మొదటి మాత్ర, సాయంత్రం భోజనానికి గంట ముందు రెండోది పెట్టేస్తే పగటి తిండి దేనికీ అడ్డు రాదు. రేపు ఎప్పుడైనా తాగే ఎడరవోన్‌కి మారితే పొద్దున మొదటి గంట దానికి ఇచ్చేయండి, రాత్రి ట్యూబు ఫీడ్ నడుస్తుంటే దాన్ని ఎప్పుడు ఆపాలో డాక్టర్‌తో కూర్చుని రాసుకోండి. రాత్రి ఫీడ్‌కీ పొద్దున ఉపవాసానికీ పొత్తు కుదరక బరువు జారిపోయినవాళ్లని చూశాను.

ఏం పెట్టాలి అన్నదానికి పరిశోధనలు కొంత దారి చూపిస్తాయి, పూర్తిగా కాదు. 2014లో అమెరికాలో ట్యూబు పెట్టుకున్న కొద్దిమంది రోగుల్ని మూడు గుంపులు చేశారు. అవసరానికి సరిపడా ఫీడ్ ఇచ్చినవాళ్లు బరువులో దాదాపు అక్కడే ఉన్నారు. పిండిపదార్థాలతో కేలరీలు పెంచిన గుంపు నెలకి 0.39 కిలో చొప్పున పెరిగింది. కొవ్వుతో కేలరీలు పెంచిన గుంపు పెరగాల్సింది పోయి నెలకి 0.46 కిలో తగ్గింది. మొత్తం 24 మందే, అందుకని దాన్ని వేదంలా పట్టుకోలేం. తర్వాత జర్మనీలో 201 మందికి 18 నెలలపాటు, సగంమందికి రోజూ 405 కేలరీల కొవ్వు సప్లిమెంట్ ఇచ్చి చూశారు. అందరినీ కలిపి చూస్తే ఆయుష్షులో తేడా రాలేదు, వేగంగా దిగజారుతున్నవాళ్లలో మాత్రం మేలు కనిపించింది. రెండూ కలిపి చదివితే, కొవ్వా పిండా అన్న పంచాయితీ కంటే బరువు ఆగుతోందా లేదా అన్నది ముఖ్యమని నేను తీసుకున్నాను. ఆవిడకి మింగడానికి ఏది తేలికో దాంతో పెంచండి. నీళ్లలాంటి పలచటి పదార్థాలు పొలమారుతుంటే చిక్కగా చేయాలి, మింగడాన్ని పరీక్షించే థెరపిస్ట్ ఎంత చిక్కగానో చూపిస్తారు. విటమిన్ ఇ మాత్రలు కూడా కలిపి ఇద్దామా అని చాలామంది అడుగుతారు, ఫ్రీ రాడికల్ అన్న మాట వినబడగానే. రిలుజోల్‌తో కలిపి ట్రయల్ చేశారు, ఆయుష్షు పెరగలేదు. ఆ డబ్బు తిండికి పెట్టండి.

బరువుని ఎలా తూస్తున్నారన్నది కూడా అడగాలి, ఎందుకంటే నేను మోసపోయాను. ట్రయల్ పనిలో ఉన్నప్పుడు ఒక పేషెంట్ ఫైలులో వరసగా నాలుగు విజిట్లకి 54, 54, 54, 54 అని ఉంది. ఎంత స్థిరంగా ఉన్నారో అనుకున్నాను. తీరా మనిషిని చూస్తే దవడలు లోపలికి పోయి ఉన్నాయి. అసలు సంగతేంటంటే మొదటి విజిట్ తర్వాత ఆయన కాటా మీద నిలబడలేకపోయారు, రాసేవాళ్లు పాత అంకెనే దించుతూ వచ్చారు. వీల్‌చైర్ కాటా మీద తూస్తే 47. ఇంకొకావిడ రెండు కిలోలు పెరిగారని అందరం సంతోషించాం, కుర్చీలో కొత్త మెత్త వేశారని తర్వాత తెలిసింది.

బరువు పరిశోధనలన్నిటికీ ఉన్న జబ్బు ఇదే. బాగా తగ్గిపోయినవాళ్లే కాటా ఎక్కలేరు, క్లినిక్‌కి రాలేరు, వాళ్ల అంకెలే గల్లంతవుతాయి. మిగిలినవాళ్ల సగటు తీస్తే అందరూ బాగున్నట్టు కనబడుతుంది. నెలకి పది రోజులు వచ్చి సెలైన్ ఎక్కించుకోగలిగినవాళ్లు, అంత ఓపిక లేక మానేసినవాళ్లు, ఈ రెండు గుంపుల బరువుల్ని పోల్చి మందు గొప్పదనమంటే ఎలా? రాగలగడమే సగం ఆరోగ్యం. ఆన్‌లైన్‌లో ఇలాంటి పోలిక కనబడితే, తూకం వేయలేకపోయినవాళ్లని ఏం చేశారన్న పేరా కోసం వెతకండి. అది లేకపోతే ముందుకు చదవకండి.

ఇంట్లో మీరైతే వారానికి ఒకసారి తూయండి. అదే కాటా, అదే కుర్చీ, అదే మెత్త, లేచి బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, తినకముందు. ఇన్‌ఫ్యూజన్ అయి రాగానే వద్దు, ఆ 60 మిల్లీగ్రాములతోపాటు 200 మిల్లీలీటర్ల నీరు కూడా ఒంట్లోకి వెళ్తుంది, 200 గ్రాములు ఊరికే కలుస్తాయి. పాదాల మీద వేలితో నొక్కి చూడండి. గుంట పడితే నీరు చేరినట్టు, అప్పుడు కాటా చూపించే "స్థిరం" నమ్మొద్దు. పై చేయి మధ్యలో టేపుతో చుట్టుకొలత తీసి బరువు పక్కనే రాస్తే ఇంకా మంచిది.

కిడ్నీ గురించి ఒక్క మాట. పక్షవాతానికి వాడిన కాలంలో ఈ మందుతో కిడ్నీ దెబ్బతిన్న కేసులు జపాన్‌లో వచ్చాయి, అందుకే రక్తపరీక్షలు చేయిస్తుంటారు. కిడ్నీ పనితీరు చూడటానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ తయారయ్యేది కండలో. కండ తగ్గినవాళ్లలో కిడ్నీ ఇబ్బంది పడుతున్నా క్రియాటినిన్ మామూలుగానే కనబడుతుంది. రిపోర్టు నార్మల్ అని వదిలేయకుండా, కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే కిడ్నీ పరీక్ష చేయించే వీలుందా అని అడగండి. పొలమారుతుందని భయపడి నీళ్లు తగ్గించేస్తున్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. ఆవిడకి ఉబ్బసం ఉంటే సల్ఫైట్ అలర్జీ సంగతీ ప్రస్తావించండి, మందులో సోడియం బైసల్ఫైట్ ఉంటుంది.

మందు ఆపేయమని అడగడానికి బరువు కారణం కాదు. రోజూ వెళ్లిరావడంతో ఆవిడ అలసిపోయి తిండి తగ్గుతోందా, పోర్ట్ (సెలైన్ ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పరికరం) ఉంటే దాని దగ్గర ఇన్‌ఫెక్షన్ వస్తోందా, ఆవిడకే విసుగొచ్చిందా అన్నవి నిజమైన కారణాలు. వాటిని దాచుకోకుండా డాక్టర్‌తో చెప్పండి. ఈలోగా వచ్చే సైకిల్ పది రోజులూ పొద్దున తినిపించి, సెలైన్ నడుస్తుండగా మింగగలిగింది ఇంకొంచెం పెట్టి చూడండి. ఎక్కించే గంటసేపు ఎలాగూ వెన్ను ఆనించి కూర్చునే ఉంటారు, అదే ఆవిడకి తినడానికి అనువైన భంగిమ.

వచ్చే విజిట్‌లో ఊపిరి పరీక్ష చేసినప్పుడు ఎఫ్‌వీసీ (పైన చెప్పిన ఊపిరి సామర్థ్యం) ఎంత శాతం అని అడిగి రాసుకోండి. పొట్టలోకి ట్యూబు పెట్టడం ఆ అంకె 50కి దిగకముందు తేలిక, దిగాక ప్రమాదం పెరుగుతుంది. ట్యూబు పెట్టుకున్నాక కూడా నోటితో ఇష్టమైనవి తినొచ్చని అమ్మగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. చాలామంది అది తెలియకే వద్దంటారు.